ట్రాక్టర్‌కి వెనక టైర్లు మార్చాం: కొనేముందు చూసిన లెక్క, బిగించేటప్పుడు పడిన జాగ్రత్త



పోయిన వారం మా ట్రాక్టర్‌కి వెనక టైర్లు రెండూ కొత్తవి వేయించాం. అప్పట్నుంచీ ఎవరు కనపడినా రెండే ప్రశ్నలు: "ఏ కంపెనీ వేయించావు? ఎంత పడింది?" రెండిటికీ ఒక్క ముక్కలో జవాబు చెప్పొచ్చు. కానీ నా జవాబు విని మీరు అదే టైరు కొంటే మీ బండికి అది పనికిరాకపోవచ్చు. ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది. "మీ బండి ఏడాదిలో ఎన్ని గంటలు ఎక్కడ తిరుగుతోంది?" ఇది తేల్చుకోకుండా షాపుకి వెళ్తే, షాపులో ఏది నిలవ ఉందో అదే మన బండికి మంచి టైరు అవుతుంది. అందుకే ఈ పొడుగు పోస్టు. తీరిగ్గా చదవండి.

మాది బాపట్ల వైపు, కొమ్మమూరు కాలవ కింద భూములు. సార్వా వరి, తర్వాత మినుమో మొక్కజొన్నో. బండి 45 హెచ్‌పీ, టూ వీల్ డ్రైవ్. వెనక 13.6-28, ముందు 6.00-16. పొలం పని నేను చూసుకుంటాను. ట్రాలీ కిరాయిలు మా అబ్బాయి చూసుకుంటాడు.

టైరు అయిపోయిందని ఎప్పుడు అనుకోవాలి?

చాలామంది నూలు బయటపడేదాకా తోలతారు. "ఇంకా గాలి నిలుస్తోంది కదా" అంటారు. ట్రాక్టర్ టైరుకి గాలి నిలవడం ఒక్కటే పని కాదు, నేలని పట్టాలి. కొత్త టైరుకి బటన్ ఎత్తు అంగుళం పైన ఉంటుంది. మా వాటికి మధ్యలో అర అంగుళం కూడా మిగల్లేదు. మరి ఆ అరుగుదల వల్ల మనకి పోయేదెంత? దానికి ఒక పరీక్ష ఉంది. పైసా ఖర్చు లేదు, సుద్దముక్క ఉంటే చాలు.

వెనక టైరు పక్కన సుద్దతో ఒక గీత గీయండి. చేలోనే గొర్రు పైకెత్తి, బండిని మెల్లగా నడుపుతూ ఆ గీత 10 చుట్లు తిరిగేదాకా వెళ్లండి. మొదలుపెట్టిన చోట ఒక పుల్ల, ఆగిన చోట ఒక పుల్ల పాతండి. ఇప్పుడు గొర్రు దించి, మామూలుగా దున్నే లోతులో, అదే గేరులో, పక్క సాలులో అంతే దూరం వెళ్లండి. ఒక మనిషి పక్కన నడుస్తూ చుట్లు లెక్కపెట్టాలి. మా పాత టైర్లతో 13 చుట్లు పట్టింది. అంటే 13లో 3 చుట్లు బండి ముందుకు పోకుండా ఊరికే తిరిగినట్టు. నూటికి 23. టూ వీల్ డ్రైవ్ బండికి దున్నకంలో నూటికి 10 నుంచి 15 దాకా జారుడు ఉండటం మామూలే. మరీ తక్కువున్నా మంచిది కాదు, బండి మీద అనవసరంగా బరువు మోస్తున్నట్టు లెక్క. అదే 20 దాటితే మాత్రం డీజిలూ పోతోంది, రబ్బరూ పోతోంది, టైమూ పోతోంది.

ఈ పరీక్ష రోటవేటర్‌తో చేయకండి. రోటవేటర్ బ్లేళ్లు తిరుగుతూ బండిని ముందుకు నెడతాయి కాబట్టి అందులో జారుడు సరిగ్గా తెలియదు. గొర్రో నాగలో ఉండాలి.

ఇంట్లో వాదన

టైర్లు మార్చాలని అందరం ఒప్పుకున్నాం. ఏవి వేయాలన్న దగ్గరే వచ్చింది పేచీ. నాకేమో బటన్ లోతుగా ఉండి, బురదలో గట్టిగా పట్టే టైరు కావాలి. మా వాడేమో, "నాన్నా, లోతు బటన్ వేస్తే తారు రోడ్డు మీద బండి దడదడలాడుద్ది, ఏడాది తిరక్కుండానే అరిగిపోద్ది. ట్రాలీ టైరే వేద్దాం" అన్నాడు. నేను పొలం అంటే, వాడు రోడ్డు అంటాడు. రెండు రోజులు ఇదే గోల.

చివరికి మా ఆవిడే అంది, "కిరాయి పుస్తకం ఉందిగా, అందులో చూడండి" అని. ఆవిడ రోజూ సాయంత్రం మీటరు గంటలు, ఏ పని, ఎవరి పొలం, ఎంత రావాలి అన్నీ రాసి పెడుతుంది. అప్పు ఎగ్గొట్టకుండా ఉండటానికి రాసిన పుస్తకం అది, టైర్ల దగ్గర పనికొచ్చింది. ముగ్గురం కూర్చుని నిరుటి లెక్క తీశాం. మొత్తం 610 గంటలు. అందులో ట్రాలీ 270. గొర్రు, రోటవేటర్, నాగలి కలిపి 230. దమ్ము 110.

ఇప్పుడు చూడండి. మేము దమ్ముకి టైర్లు విప్పేసి ఇనప దమ్ము చక్రాలు వేస్తాం. ఆ 110 గంటలూ టైర్లు పశువుల పాకలో పడుంటాయి. అంటే టైర్లు నిజంగా పనిచేసింది 500 గంటలు, అందులో 270 గంటలు రోడ్డు మీద. మిగతా 230 గంటల్లో కూడా ఎక్కువ భాగం మెట్ట దున్నకమే. మరి బురద కోసమని లోతు బటన్‌కి డబ్బులు పెట్టడం ఎందుకు? అలాగని పూర్తిగా రోడ్డు టైరు వేస్తే, వరి కోసిన తర్వాత పచ్చి ఆరని మా నల్లరేగడిలో గొర్రు లాగేటప్పుడు చతికిలపడుతుంది. ఆ లెక్క చూశాక పేచీ దానంతటదే తెగిపోయింది.

మీ లెక్క వేరుగా ఉండొచ్చు. దమ్ము చక్రాలు వేయకుండా టైర్ల మీదే రోటవేటర్‌తో దమ్ము చేసేవాళ్లు ఉన్నారు. టైరు పక్కనే సగం చక్రం బిగించుకునేవాళ్లు ఉన్నారు. వాళ్లకి బురద గంటలే ఎక్కువ. చెరుకు, ఇటుక, కంకర తోలేవాళ్లకి రోడ్డు గంటలే ఎక్కువ. అందుకే పక్కింటాయన టైరు చూసి మనం కొనకూడదు.

టైర్లలో రకాలు

వెనక టైర్లని మన అవసరానికి మూడు రకాలుగా అనుకోవచ్చు. మొదటిది మామూలు వ్యవసాయ టైరు, కంపెనీలు ఆర్-1 అంటాయి. మనం ఎక్కువగా చూసేది ఇదే. రెండోది ఆర్-2, వరి బురదకీ చెరుకు చేలకీ చేసింది. బటన్ లోతు మామూలు దానికి దాదాపు రెట్టింపు ఉంటుంది, బటన్ల మధ్య ఖాళీ ఎక్కువ. బురదలో బాగుంటుంది గానీ తారు రోడ్డు మీద తొందరగా అరుగుతుంది. మూడోది రోడ్డు పనిని మనసులో పెట్టుకుని చేసినవి. బటన్ వెడల్పుగా, దగ్గర దగ్గరగా, లోతు తక్కువగా ఉంటుంది. ఎమ్మారెఫ్, అపోలో, సియట్, జేకే, బీకేటీ, గుడ్‌ఇయర్ ఎవరిదైనా సరే, ఒకే కంపెనీలో పొలానికి ఎక్కువ సరిపోయేవీ ట్రాలీకి ఎక్కువ సరిపోయేవీ వేరువేరు పేర్లతో ఉంటాయి. కాబట్టి "ఏ కంపెనీ" కన్నా "ఆ కంపెనీలో ఏ రకం" అన్నది ముఖ్యం.

మేము తీసుకుంది ఆర్-1 లోనే బటన్ కాస్త వెడల్పుగా ఉన్నది. 12 ప్లై. ప్లై అంటే లోపల 12 పొరలు ఉన్నాయని కాదు, ఎంత బరువు మోయగలదో చెప్పే కొలత మాత్రమే. ట్రాలీ కట్టే బండికి ఇది తగ్గించకూడదు.

షాపులో "14.9 వేసుకోండి, బండి ఠీవిగా ఉంటది" అన్నారు. ఆలోచించి వద్దన్నాం. 13.6-28 అంటే టైరు వెడల్పు 13.6 అంగుళాలు, రిమ్ము 28 అంగుళాలు. 14.9 వేస్తే చక్రం ఎత్తు దాదాపు రెండంగుళాలు పెరుగుతుంది. అదే గేరులో బండి కాస్త వేగం పెరుగుతుంది, లాగే బలం కాస్త తగ్గుతుంది. మడ్‌గార్డుకి తగులుతుందేమో చూసుకోవాలి, రిమ్ము వెడల్పు సరిపోవాలి. మొక్కజొన్న సాళ్ల మధ్య తిరగాలంటే వెడల్పు టైరు మొక్కల్ని తొక్కుతుంది. ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త. వాటిలో ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ తిరుగుడు లెక్క కంపెనీయే కట్టి ఉంటుంది. వెనక ఒక్కటే సైజు మారిస్తే ఆ లెక్క చెడి, గేర్ల మీద భారం పడుతుంది.

ఇంకో మాట. ఒక టైరు బాగానే ఉందని ఒక్కటే మార్చకండి. ఒకటి కొత్తది, ఇంకోటి అరిగినది అయితే రెండు చక్రాల చుట్టుకొలత తేడా వస్తుంది. నేరుగా పోతున్నా డిఫరెన్షియల్ పనిచేస్తూనే ఉంటుంది. దున్నేటప్పుడు బండి ఒక పక్కకి లాగుతుంది. పొదుపు చేసిన డబ్బు అటునుంచి అటే పోతుంది.

టైరు మీద తేదీ చదవండి

టైరు పక్క గోడ మీద కంపెనీ కోడ్ చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2324 అని ఉంటే 2024లో 23వ వారంలో తయారైందని అర్థం. రబ్బరు వాడకపోయినా ముదురుతుంది. షాపు బయట ఎండలో నాలుగేళ్లు పడున్న టైరుని కొత్త ధరకి కొనడం ఎందుకు? మాకు మొదట చూపించిన జతలో ఒకదానికీ ఇంకోదానికీ రెండేళ్ల తేడా ఉంది. ఆ అంకెలు చూపించి అడిగితే మారు మాట్లాడకుండా లోపల్నుంచి వేరే జత తెచ్చారు. అడిగినవాళ్లకే తెస్తారు.

ధర విషయం. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ వెనక టైర్ల మీదా ట్యూబుల మీదా జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పన్ను కాకుండా 40,000 ధర ఉన్న జతకి ముందు 7,200 పన్ను పడేది, ఇప్పుడు 2,000. తేడా 5,200. కానీ ఇది మన చేతికి రావాలంటే బిల్లు తీసుకోవాలి. "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తా" అన్న మాటకి పడిపోవద్దు. బిల్లు మీద టైరు నంబర్లు రాయించుకోండి. తయారీ లోపంతో పక్క గోడ ఉబ్బితే, గ్యారంటీ అడగడానికి ఆ కాగితమే ఆధారం.

రీబటన్ సంగతి కూడా అడుగుతారు. కేసింగు గట్టిగా ఉండి, పొలం పనికే వాడేవాళ్లు వెనక టైర్లకి మంచి చోట రీబటన్ చేయించుకుంటే తప్పు లేదు. మా వాటికి పక్క గోడల మీద పగుళ్లు వచ్చేశాయి. అలాంటి దానికి పైన ఎంత రబ్బరు వేసినా, లోపల బలం లేని గోడకి సున్నం కొట్టినట్టే. ముందు టైర్లకి మాత్రం రీబటన్ వద్దు. స్టీరింగు చెప్పిన మాట వినాల్సింది ఆ రెండు టైర్లే.

బిగించేటప్పుడు

టైర్లు కొనడం ఒక ఎత్తు, బిగించడం ఒక ఎత్తు. మా ఊరి పంచర్ షాపు బాబాయ్ నిదానస్తుడు, అది మా అదృష్టం. ఆయన దగ్గరుండి చూసి నేర్చుకున్నవి రాస్తున్నా.

గట్టి, చదును నేల మీద బండి పెట్టి, ముందు చక్రాలకి రెండు వైపులా రాళ్లు అడ్డం వేయాలి. జాకీ ఎత్తిన తర్వాత ఇరుసు కింద కొయ్య మొద్దు పెట్టాలి. జాకీని నమ్మి బండి కిందికి చెయ్యి పెట్టకూడదు. పాత టైర్లలో నీళ్లు నింపి ఉంటే ముందే తీసేయాలి. ఈ సైజు టైరులో ముప్పావు వంతు నింపితే సుమారు రెండొందల లీటర్లు పడతాయి. అంత బరువున్న చక్రం మీదికి ఒరిగితే ఇద్దరు మనుషులు ఆపలేరు.

రిమ్ము మీద తుప్పు గీకి, రంగు వేసి, ఆరనివ్వాలి. దమ్ము నీళ్లు, ఎరువుల ఉప్పు కలిసి టైరు కూర్చునే అంచునే ముందు తింటాయి. కొత్త టైరుకి కొత్త ట్యూబే వేయాలి. పాత ట్యూబు సాగి ఉంటుంది కాబట్టి లోపల మడత పడి, ఆ మడత దగ్గరే తెగుతుంది. టైరు అంచుకి సబ్బు నీళ్లు రాయాలి. గ్రీజు, ఇంజనాయిల్ రాయకూడదు, అవి రబ్బరుని తినేస్తాయి. కొంచెం గాలి కొట్టి, మొత్తం తీసేసి, మళ్లీ కొట్టాలి. అప్పుడే ట్యూబు మడతలు పోయి సర్దుకుంటుంది.

ముఖ్యమైన మాట: అంచు రిమ్ములో కూర్చోవడానికి గాలి కొట్టేటప్పుడు 35 పాయింట్లు దాటించకూడదు. కూర్చోకపోతే గాలి తీసి, మళ్లీ సబ్బు నీళ్లు రాసి ప్రయత్నించాలి తప్ప, ఇంకా కొట్టి చూద్దాం అనకూడదు. ఆ టైములో టైరు మీద నిలబడటం, వంగి చూడటం అసలే వద్దు. అంచు తెగితే అంత గాలీ ఒక్కసారి బయటికి వస్తుంది. పిల్లల్ని దూరంగా పంపించండి.

బటన్ దిశ చూసుకోండి. టైరు మీద బాణం గుర్తు ఉంటుంది, బండి ముందుకు పోయేటప్పుడు చక్రం తిరిగే వైపు అది. బండి వెనక నిలబడి చూస్తే బటన్లు తాటాకు ఇంటి కప్పులాగా, మొన పైకి కనపడాలి. తిరగేసి బిగిస్తే బురద బయటికి జారదు, బటన్ల మధ్యే నిండిపోయి టైరు నున్నటి దిమ్మ అయిపోతుంది. సాళ్ల కోసం చక్రాల వెడల్పు మార్చేటప్పుడు రిమ్ము తిప్పి బిగిస్తాం కదా, అప్పుడు కుడి చక్రం ఎడమకీ, ఎడమ చక్రం కుడికీ వేస్తేనే బాణం సరిగ్గా ఉంటుంది.

నట్లు ఎదురెదురువి చొప్పున బిగించుకుంటూ పోవాలి. మొదటి రోజు పని అయ్యాక ఇంకోసారి బిగించాలి. మాకు మర్నాడు నాలుగు నట్లు పావు తిప్పు చొప్పున తిరిగాయి. గాలి ఎంత అన్నది మీ బండి పుస్తకంలో ఉంటుంది, అదే చూడండి. మేము దున్నకానికి 13 పెడుతున్నాం, ట్రాలీ కట్టేటప్పుడు పెంచుతున్నాం. పొలంలో గాలి ఎక్కువైతే టైరు నేలని పట్టదు, రోడ్డు మీద తక్కువైతే పక్క గోడ నలిగి వేడెక్కుతుంది. ఒక గేజి కొనుక్కోండి. కాలితో తన్ని చూసి గాలి చెప్పే విద్య ఎవరికీ లేదు.

రోడ్డు మీద ఆ రెండు టైర్లే దిక్కు

ఇంత ఎందుకు రాశానంటే ఒక కారణం ఉంది. మన ట్రాక్టర్లలో చాలావాటికి బ్రేకులు వెనక చక్రాలకే. మన ట్రాలీల్లో ఎక్కువవాటికి బ్రేకే లేదు. అంటే ట్రాలీలో ఉన్న బస్తాల బరువు, ట్రాలీ బరువు, బండి బరువు, పైన కూర్చున్న మనిషి, అన్నీ కలిసి ఆగాల్సింది వెనక రెండు టైర్లు నేలని తాకే ఆ కాస్త రబ్బరు మీదే. చినుకు పడి, పొలం మట్టి అంటిన తారు మీద అరిగిన బటన్ ఏం పట్టుకుంటుంది? వెనక ట్రాలీ నెడుతుంటే బండి అడ్డం తిరుగుతుంది.

కోతల రోజుల్లో మా వాడు 216 హైవే మీద ధాన్యం వేసుకుని మిల్లుకి వెళ్తే, లైను పెద్దదై ఒక్కోసారి తెల్లవారుజాము మూడింటికి వస్తాడు. ఆ బండి చప్పుడు సందు మొగలో వినపడేదాకా వాళ్లమ్మకి నిద్ర పట్టదు. నేను పడుకున్నట్టు నటిస్తాను గానీ నాకూ పట్టదు. ఎకరాకి ఎన్ని బస్తాలు, క్వింటాకి ఎంత అని లెక్కలు వేసుకునే మనం, ఈ లెక్క మాత్రం వేయం. టైర్ల డబ్బులు కౌలు కట్టే టైములో భారమే. మేమూ ఒక గేదెను అమ్మే కట్టాం. అయినా ఆ రాత్రులకి అది ఎక్కువ ధర కాదనిపించింది.

అందుకని టైర్లతో పాటు ఈ నాలుగూ చూడండి. రోడ్డెక్కే ముందు రెండు బ్రేకు పెడళ్లూ కలిపి లాక్ వేయండి. పొలంలో మలుపుల కోసం విడదీసినవి అలాగే ఉండి, రోడ్డు మీద ఒక్కటి తొక్కితే బండి పల్టీ కొడుతుంది. ముందు టైర్ల గీతలు చూడండి, ట్రాలీ వెనక బరువు ఎక్కువైతే ముందు చక్రాలు తేలి స్టీరింగు పట్టు తప్పుతుంది. ట్రాలీకి అరిగిపోయిన లారీ టైర్లు తెచ్చి, వాటి మీద కొత్తగా గాళ్లు కోసి అమ్మేవి కొనకండి, అసలే పలచబడిన రబ్బరుని ఇంకా కోస్తే మిగిలేది నూలే. ట్రాలీ వెనక మెరిసే స్టిక్కర్లు అంటించండి, రాత్రి వెనక వచ్చేవాడికి మనం కనపడాలి.

కొత్త టైర్లు వేశాక అదే చేలో, అదే గొర్రుతో, అదే గేరులో సుద్ద పరీక్ష మళ్లీ చేశాం. పదకొండున్నర చుట్లకి ఆ దూరం వచ్చింది. జారుడు నూటికి 13. మా ఆవిడ ఆ అంకె కూడా పుస్తకంలో రాసుకుంది. ఏటా ఉగాదికి ఒకసారి చూసి, ఎప్పుడు 20 దాటితే అప్పుడు కొత్తవాటి కోసం డబ్బు పక్కన పెట్టడం మొదలుపెట్టాలని అనుకున్నాం.

కాలవకి నీళ్లు రాకముందే మీ బండికి ఒకసారి సుద్ద గీత గీసి చూడండి. మీకు ఎన్ని చుట్లు వచ్చాయో, ఏ నేలలో, ఏ టైరుతో వచ్చాయో కింద రాయండి. పది మంది రాస్తే, ఏ నేలకి ఏ టైరు బాగుందో మనకి మనమే తెలుసుకున్నవాళ్లం అవుతాం. షేర్ చేయండి, ముఖ్యంగా ట్రాలీ తోలే కుర్రాళ్లకి పంపండి.

ఉంటాను.